గురి, గెట్టు, ఎల్క్: వయోమింగ్ పబ్లిక్ ల్యాండ్ ప్రాజెక్టు డైరీ

మార్చి 2025

ఈ ఏడాది పెట్టుకున్న పని ఇది. కార్బన్ కౌంటీలో, పబ్లిక్ ల్యాండ్ (ప్రభుత్వం చేతిలో ఉండే అందరి భూమి) మీద, గైడ్ లేకుండా నడిచి వెళ్ళి ఒక ఆడ ఎల్క్‌ని (ఇక్కడి పెద్ద జింక జాతి) వేటాడి, ఏడాదికి సరిపడా మాంసం ఇంటికి తెచ్చుకోవాలి. ఉండేది షాయెన్‌లో, ఉద్యోగం కంప్యూటర్ల ముందు. సొంత రాంచ్ (పశువుల్ని మేపుకునే పెద్ద ప్రైవేటు భూమి) లేదు, రాంచ్ ఉన్న చుట్టాలూ లేరు. నాలాంటి వాడు ఇక్కడ వేటకి వెళ్ళగలుగుతున్నాడంటే కారణం పబ్లిక్ ల్యాండే, అందుకే ఆ భూమి గురించి కూడా రైఫిల్ గురించి రాసినంత వివరంగా రాస్తాను.

ఈ నెలే మొదలుపెట్టడానికి కారణం ఉంది. మార్చి 18న టెన్త్ సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు తీర్పు వచ్చింది. కేసు సంగతి తెలియని వాళ్ళ కోసం: యూనియన్ పసిఫిక్ రైలు మార్గం వేసే రోజుల్లో ప్రభుత్వం లైను పొడుగునా భూమిని మైలుకి మైలు గళ్ళుగా కొలిచి, ఒక గడి రైల్వేకి ఇచ్చి పక్క గడి తనే ఉంచుకుంది. రైల్వే గళ్ళు తర్వాత రాంచ్‌ల చేతుల్లోకి వెళ్ళాయి, ప్రభుత్వ గళ్ళు బీఎల్ఎం (ఫెడరల్ భూములు చూసుకునే సంస్థ) కింద అందరి భూమిగా మిగిలాయి. చదరంగం బల్లలో నల్ల గళ్ళు ఒకదానికొకటి మూల దగ్గర మాత్రమే తగులుతాయి కదా, ఇవీ అంతే. ఒక పబ్లిక్ గడి నుంచి ఇంకో పబ్లిక్ గడిలోకి పోవాలంటే ఆ మూల మీదుగా అడుగు వేయడం తప్ప దారి లేదు. అలా వేస్తే గాలిలో ప్రైవేటు జాగా మీదుగా భుజం పోతుంది కాబట్టి అది ట్రెస్‌పాస్, అంటే అక్రమ ప్రవేశం అని రాంచ్‌ల వాదన.

మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు ఎల్క్ మౌంటెన్ దగ్గర ఇలాగే దాటారు. 2021లో అయితే కంచె స్తంభాల మీదుగా ఎక్కి దిగేలా ఒక స్టీలు నిచ్చెన చేయించుకుని మరీ వచ్చారు. క్రిమినల్ కేసులో 2022లో జ్యూరీ వాళ్ళని నిర్దోషులంది. రాంచ్ తరఫున ఐరన్ బార్ హోల్డింగ్స్ సివిల్ దావా వేసి 77 లక్షల డాలర్లకు పైగా నష్టం జరిగిందంది. 2023లో జిల్లా ఫెడరల్ కోర్టు వేటగాళ్ళ వైపు చెప్పింది, ఇప్పుడు అప్పీల్స్ కోర్టూ అదే చెప్పింది. ఆధారం 1885 నాటి చట్టం: పబ్లిక్ భూమికి జనం పోకుండా ఎవరూ అడ్డం కట్టకూడదు. ప్రైవేటు నేలని తాకకుండా మూల దాటితే తప్పు కాదు. ఇది టెన్త్ సర్క్యూట్ కింద ఉన్న వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికో, కాన్సాస్, ఓక్లహోమాలకే వర్తిస్తుంది. మోంటానా ఇంకో సర్క్యూట్‌లో ఉంది, అక్కడ దీన్ని నమ్ముకుని దాటకండి.

పడమటి రాష్ట్రాల్లో ఇలా మూలల దగ్గర ఇరుక్కుపోయిన పబ్లిక్ భూమి 83 లక్షల ఎకరాలని మ్యాప్ యాప్ నడిపే ఆనెక్స్ కంపెనీ 2022లో లెక్క తేల్చింది. మీదీ నాదీ అయిన 83 లక్షల ఎకరాలు!

ఆదివారం నాన్నకి ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఆయన జీవితంలో సగం గెట్టు పంచాయితీలతోనే గడిచింది, కాబట్టి నేను చెప్పకముందే సగం అర్థమైంది.

"గెట్టు ముట్టకుంట మూల మీదికెల్లి పోతే తప్పు గాదన్నరా? మంచిదే. మరి దెబ్బ తాకిన జంతువు పక్కోని పొలంలకు ఉరికి పడ్డదనుకో, అప్పుడేం జేస్తవ్ బిడ్డా?"

"అడిగి తెచ్చుకోవాలె నాన్నా."

"ఆళ్ళు ఒద్దంటే?"

నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ ప్రశ్న చుట్టూ కట్టుకోవాలని ఆ ఫోన్‌లోనే అనిపించింది.

ఏప్రిల్

ముందు చట్టం. వయోమింగ్‌లో దెబ్బ తిన్న ఎల్క్ ప్రైవేటు గడిలోకి పోయి పడినా సరే, అనుమతి లేకుండా మనం అడుగు పెట్టకూడదు. ఓనర్‌ని అడగాలి, కాదంటే గేమ్ వార్డెన్‌కి (వేట చట్టాలు చూసే అధికారికి) ఫోన్ చేయాలి, ఆయన కూడా ఓనర్‌కి నచ్చజెప్పగలడంతే. ఈలోగా అంత మాంసం ఎండలో పాడైపోతుంది. నాకు ఇంతకంటే ఘోరం కనిపించదు. ఒక ప్రాణం తీసి, దాన్ని తినకుండా వదిలేయడం.

కాబట్టి ఎల్క్ నా గడిలోనే పడాలి. దీన్ని లెక్కలోకి దించాను. గడి అంటే ఒక మైలు, అంటే 1,760 గజాలు, వైశాల్యం 640 ఎకరాలు. రెండు ఊపిరితిత్తుల్లోంచీ బుల్లెట్ దూసుకుపోతే ఎల్క్ సాధారణంగా వంద గజాల లోపే పడిపోతుంది, ఒక్కోసారి ఇంకొంత పోతుంది. దెబ్బ వెనక్కి జరిగి పొట్టలో తగిలితే మైళ్ళు పోతుంది. నాలుగు వైపులా 300 గజాల పట్టీ వదిలేసి, ఆ పట్టీలో నిలబడ్డ జంతువుని అసలు కొట్టకూడదని నియమం పెట్టుకుంటే లోపల మిగిలేది 1,160 గజాల చదరం. 278 ఎకరాలు. సగం కూడా లేదు! అదే పట్టీని 200 గజాలకి తగ్గించగలిగితే 382 ఎకరాలు దొరుకుతాయి.

ఈ రెండు అంకెల మధ్య 104 ఎకరాల తేడా ఉంది. ఆ 104 ఎకరాలు నాకు ఏ కోర్టూ ఇవ్వదు, మొదటి బుల్లెట్ సరిగ్గా ఎక్కడ తగలాలో అక్కడ తగిలితేనే అవి నావి. రైఫిల్ గురి గురించి జనం గంటలు గంటలు మాట్లాడతారు, పబ్లిక్ ల్యాండ్ గురించి వేరే గంటలు మాట్లాడతారు. గళ్ళ భూమిలో వేటాడేవాడికి ఈ రెండూ ఒకే లెక్క.

మే

రైఫిల్ పని. నాది టిక్కా కంపెనీది, అందులో వాడే తూటా థర్టీ ఆట్ సిక్స్. 1906లో పుట్టిన తూటా అది, పాతదని కొందరు తీసిపారేస్తారు కానీ ఎల్క్‌కి నిండుగా సరిపోతుంది, ఏ చిన్న ఊరి షాపులోనైనా దొరుకుతుంది. బుల్లెట్ 165 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) రాగిది. సీసం ముక్కలు మాంసంలో ఉండకూడదు, వదిలేసిన పేగుల్ని తినే గద్దల కడుపులోకీ పోకూడదు, అందుకే రాగి.

మొదట స్కోపు (రైఫిల్ మీద గురి చూసే దూరదర్శిని) మొత్తం విప్పి మళ్ళీ బిగించాను. బేస్ స్క్రూల మీద నూనె తుడిచి, టార్క్ రెంచ్‌తో కంపెనీ మాన్యువల్ చెప్పినంతే బిగించి, ఒక్కో స్క్రూ తల మీంచి బేస్ మీదికి మా ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీశాను. స్క్రూ ఒక వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. కంకర రోడ్డు మీద ట్రక్కులో ఊగిన తర్వాత గురి మారిందేమోనని టెన్షన్ పడక్కర్లేదు, గీత చూస్తే చాలు.

తర్వాత స్కోపు నిజం చెబుతోందో లేదో చూడాలి. పొడుగాటి అట్ట మీద ఓళంబం వేలాడదీసి నిలువు గీత గీసి, వంద గజాల్లో పెట్టి, కింద చుక్కకి గురి చూసి కొన్ని కాల్చి, స్కోపుని 20 ఎంఓఏ (గురి సర్దే కోణం కొలత) పైకి తిప్పి, అదే చుక్కకి గురి చూసి మళ్ళీ కాల్చాలి. ఒక ఎంఓఏ అంటే వంద గజాల్లో 1.047 అంగుళాలు, కాబట్టి రెండో గుంపు 20.94 అంగుళాలు పైన పడాలి. నాది 21కి కొంచెం తక్కువగా, గీతకి ఆనుకునే పడింది. గీత నుంచి పక్కకి జరిగి ఉంటే స్కోపు ఒరిగిందని అర్థం. ఈ పరీక్ష చేయకుండా యాప్‌లో వచ్చిన నంబరు తిప్పి దూరం కాల్చేవాళ్ళని చూస్తే నాకు భయం వేస్తుంది.

ఇక గ్రూపులు. మూడు తూటాలు కాల్చి, మూడూ ఒక అంగుళంలో పడగానే ఫోటో తీసి "నా రైఫిల్ ఒక ఎంఓఏ" అనేస్తారు. మూడుతో తేలదు. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే మనిషి పది కాలిస్తే ఆ గుంపు సగటున మూడింటి గుంపు కంటే ఒకటిన్నర రెట్లు పెద్దగా వస్తుంది. రైఫిల్ చెడిపోయి కాదు, చెదురు నిజంగా ఎంతుందో అప్పుడు కనిపిస్తుంది. నేను షాపులో దొరికిన మూడు రకాల తూటాలు తెచ్చి, బారెల్ చల్లారనిస్తూ, ఒక్కో రకం పదేసి కాల్చాను. సన్నటి బారెల్ కాబట్టి చల్లారడానికే సగం రోజు పోయింది. ఒకటి రెండున్నర అంగుళాలు, ఇంకొకటి రెండుకి పైన, రాగిది 1.7. ఆ రాగి తూటాల్లో ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) నంబరు ఉన్న డబ్బాలు ఏడాదికి సరిపడా కొనేశాను, లాట్ మారితే అదే పేరుతో అమ్మే తూటా కూడా వేరేగా పోవచ్చు.

ఇంకో పని మొదలుపెట్టాను, ఇది అందరికీ చెబుతాను. ఒక టార్గెట్ కాగితం ఫైల్లో పెట్టుకున్నాను. రేంజ్‌కి వెళ్ళిన ప్రతిసారీ మొదటి తూటా, అంటే చల్లటి బారెల్‌తో కాల్చేది, ఆ కాగితం మీదే. తర్వాతవన్నీ వేరే కాగితం మీద. వేటలో మనకి దక్కేది ఆ మొదటి తూటాయే కదా.

జూన్

డ్రాలో, అంటే రాష్ట్రం తీసే లాటరీలో, ఆడ/దూడ ఎల్క్ లైసెన్స్ వచ్చింది. కొమ్ముల మీద నాకు ఆశ లేదు, మాంసం కావాలి. మంద ఎదుగుదలని అదుపులో ఉంచడానికి రాష్ట్రం ఇచ్చేవే ఈ లైసెన్సులు.

తెలుగు వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది వీసా సంగతి, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టంలో ఈ అడ్డంకి లేదు. హెచ్1బి లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం, అయితే అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు లేకపోతే రేంజ్‌లో ఫ్రెండ్ తుపాకీ సరదాకి పట్టుకోవడం కూడా ఆ నేరం కిందికే వస్తుంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ముట్టుకోకండి. 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి వయోమింగ్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, చాలా మంచి కోర్సు, తుపాకీ కొనే ఉద్దేశం లేకపోయినా చేయొచ్చు.

ఇదే నెల ఇంకో గొడవ. సెనేట్‌లో బడ్జెట్ బిల్లుతో కలిపి పడమటి రాష్ట్రాల్లో లక్షల ఎకరాల బీఎల్ఎం, ఫారెస్ట్ సర్వీస్ భూమి అమ్మేయాలని ప్రతిపాదన పెట్టారు. మా ఆఫీసులో రాజకీయాల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోని వాళ్ళు కూడా ఒకే రోజు సెనేటర్లకి ఫోన్లు చేశారు. నేనూ చేశాను. నెలాఖరుకి ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట దాదాపు పూర్తిగా ఆగిపోయింది, అక్కడి పరిస్థితికి అది అవసరమైన చట్టమే. ఇక్కడ వేరే దారి పట్టారు: రైఫిళ్ళ మీద, తూటాల మీద వేసే 11 శాతం ఎక్సైజ్ పన్ను డబ్బుని 1937 నాటి చట్టం ప్రకారం రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి ఇస్తున్నారు. నేను మే నెలలో కాల్చిన ప్రతి డబ్బాలోంచీ కొంత అటు పోయింది. వందేళ్ళ కిందట బాగా తగ్గిపోయిన ఎల్క్ ఇప్పుడు ఉత్తర అమెరికాలో దాదాపు పది లక్షలు. అవి తిరిగే నేలని అమ్మేశాక ఆ పన్ను ఎందుకు?

జూలై, ఆగస్టు

బెంచ్ మీద ఇసుక సంచుల మీంచి కాల్చడం ఆపేశాను. అక్కడ తేలేది రైఫిల్ సంగతి, ఇప్పుడు తేలాల్సింది నా సంగతి. పది అంగుళాల పేపర్ ప్లేటు, ఎల్క్ గుండె, ఊపిరితిత్తుల చోటు కంటే కాస్త చిన్నదనే అనుకోండి. నియమం ఒకటే: కొండ మీదికి బ్యాగు మోసుకుంటూ ఎక్కి, ఆయాసం తగ్గకముందే కూర్చుని, ట్రైపాడ్ మీద రైఫిల్ ఆనించి ఒక్క తూటా. ప్లేటు తప్పకుండా తగిలే దూరమే నా దూరం. పదిలో తొమ్మిది తగిలే దూరం నా దూరం కాదు.

రెండు వందల గజాలకి జీరో చేశాను, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తగిలేలా సర్దాను. వంద దగ్గర రెండు అంగుళాలు పైన, మూడు వందల దగ్గర సుమారు ఎనిమిది అంగుళాలు కింద. షాయెన్ ఆరు వేల అడుగుల ఎత్తు, ఎల్క్ ఉండేది ఇంకా పైన, గాలి పలచన కాబట్టి బుల్లెట్ అక్కడ ఇంకాస్త తక్కువే దిగుతుంది. దూరం లేజర్ చెప్పేస్తుంది, కాబట్టి ఇదేం పెద్ద బాధ కాదు.

బాధంతా గాలి. వయోమింగ్ గాలి గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పక్క నుంచి గంటకి 10 మైళ్ళ గాలి మూడు వందల గజాల్లో నా బుల్లెట్‌ని ఆరు అంగుళాల దాకా నెడుతుంది, 20 మైళ్ళయితే అడుగు. అడుగంటే ఊపిరితిత్తుల నుంచి పొట్టలోకి. ఆ గాలి కూడా ఒకేలా ఉండదు, నా దగ్గర గడ్డి ఊగదు, లోయకి అవతల సేజ్ పొదలు వంగిపోతుంటాయి. అందుకే ప్లేట్లు లోయకి అవతల పెట్టి ప్రాక్టీస్ చేశాను. ఆగస్టు చివరికి తేలింది ఇది: కూర్చుని, గాలి నెమ్మదిగా ఉంటే 250 గజాలు. గాలి గంటకి 15 మైళ్ళు దాటితే 150 గజాలు. పడుకుని కాలిస్తే రైఫిల్ 300 దాకా పోతుంది కానీ సేజ్ పొదల మధ్య పడుకుంటే ముందు ఏమీ కనిపించదు, కాబట్టి అది లెక్కలో లేదు.

ఇంట్లో రాత్రిళ్ళు ఖాళీ రైఫిల్‌తో డ్రై ఫైర్. తూటాలు వేరే గదిలో తాళం వేసి, ఛాంబర్‌లో వేలు పెట్టి చూసుకుని, గోడ మీద చుక్కకి గురి చూసి ట్రిగ్గర్ నొక్కితే స్కోపు లోపలి గీత కదలకూడదు. ఖర్చు లేదు, శబ్దం లేదు, భుజం నొప్పి లేదు. నా గురిలో పెద్ద మార్పు తెచ్చింది ఈ పనే.

సెప్టెంబరు

మూల చూడటానికి వెళ్ళాం, నేనూ, ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన. ఆయన ఇక్కడే పుట్టి పెరిగారు. ఫోన్‌లో జీపీఎస్ కొన్ని గజాలు అటూ ఇటూ చూపిస్తుంది, ఒక్క అడుగు వెడల్పు దారికి అది చాలదు, సర్వే గుర్తు కళ్ళతో చూడాల్సిందే. పొదల కింద వెతగ్గా వెతగ్గా దొరికింది. నేలలో పాతిన ఇనప గొట్టం మీద అరచేతిలో సగం ఉండే ఇత్తడి బిళ్ళ, పచ్చగా పాచి పట్టి ఉంది. వేలితో రుద్దితే మధ్యలో ప్లస్ గుర్తు, దాని నాలుగు మూలల్లో నాలుగు సెక్షన్ల నంబర్లు. మనది ఒకటి, ఎదురుగా కర్ణం మీద మనది ఇంకొకటి, అటూ ఇటూ రెండు రాంచ్‌వి. మా ఊళ్ళో సర్వే రాయి కనపడకే కేసులు ఏళ్ళకేళ్ళు నడుస్తాయి.

ఆ బిళ్ళ మీదుగా ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. ఫోటోలు తీసి తేదీతో సహా దాచుకున్నాం. దాటేటప్పుడు రైఫిల్ ఖాళీగా ఉండాలనీ, రాంచ్ కంచె తీగ మీద చెయ్యి కూడా వేయకూడదనీ అనుకున్నాం. రాంచ్ వాళ్ళ కోపంలోనూ న్యాయం ఉంది. గేటు తెరిచి వదిలేసేవాళ్ళని, పశువుల నీళ్ళ తొట్టి పక్కనే డేరా వేసేవాళ్ళని వాళ్ళు చాలామందినే చూశారు.

లోపల తాజా పెంటికలు, పొర్లిన బురద గుంట, తూర్పు పట్టీలో తొక్కిన దారి. మందకి తూర్పు కంచె దగ్గరే ఇష్టమని అప్పుడే తెలిసిపోయింది.

అక్టోబరు

సీజన్ తెరిచిన ఉదయం మంద సరిగ్గా అక్కడే నిలబడింది. ముందున్న ఆడ ఎల్క్ 190 గజాలు, పక్కకి తిరిగి, గాలి లేదు. నా దూరంలోనే ఉంది. కానీ మ్యాప్‌లో చూస్తే దాని నుంచి కంచెకి 120 గజాలు, ముఖం కంచె వైపే. సేఫ్టీ తీయలేదు. పెద్దాయన నా వైపు చూసి తల ఊపారు, అంతే. ఐదు నిమిషాల్లో మొత్తం మంద రాంచ్‌లోకి వెళ్ళిపోయింది. ఏప్రిల్‌లో కాగితం మీద గీసిన గీతకి విలువ ఉన్నది ఇలాంటి ఐదు నిమిషాల్లోనే.

ఆ తర్వాత ఒక సాయంత్రం, గడి మధ్యలో జూనిపర్ చెట్ల అంచున ఒంటరిగా మేస్తున్న ఆడది కనిపించింది. దూడ వెంట లేదు. 215 గజాలు. కూర్చున్నాను, ట్రైపాడ్ సర్దుకున్నాను, గాలి ఎడమ వెనక నుంచి పలచగా ఉంది. భుజం వెనక మడతకి గురి పెట్టి, ఊపిరి సగం వదిలి నొక్కాను. అరవై గజాలు పరిగెత్తి పడిపోయింది, కంచె నాలుగు వందల గజాల అవతల. రెండు ఊపిరితిత్తులూ తగిలాయి. దాని దగ్గర కాసేపు కూర్చుని దణ్ణం పెట్టుకున్నాకే కత్తి తీశాను.

లైసెన్స్ కూపన్ మీద తేదీ కోసి, తొడలు, భుజాలు, వెన్ను మాంసం విడదీసి, ఆడదని తెలిసే ఆనవాలు చట్టం ప్రకారం ఒక తొడకి వదిలేసి, గుడ్డ సంచుల్లో చెట్టుకి కట్టాం. ఆడ ఎల్క్ బతికుండగా సుమారు ఐదు వందల పౌండ్లు ఉంటుంది, కాబట్టి మోత రాత్రంతా సాగింది. ఇత్తడి బిళ్ళ దగ్గర యాభై పౌండ్ల తొడని పక్కన కింద పెట్టడానికి వీల్లేదు, పక్కనున్నది రాంచ్ నేల. ఒకరు ఇవతల మూల నుంచి అందిస్తే ఇంకొకరు అవతల మూలలో అందుకోవాలి. రాత్రి, తల మీద లైట్లతో, ఆ పనే అన్నిటికంటే జాగ్రత్తగా చేశాం.

అక్టోబరు 20న గ్యారేజీలో మాంసం కోస్తుండగా పెద్దాయన మెసేజ్: రాంచ్ అప్పీలుని సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. టెన్త్ సర్క్యూట్ తీర్పు అలాగే నిలిచింది. నాన్నకి ఫోన్ చేస్తే "నీ గడిలనే పడ్డదా?" అన్నది ఆయన మొదటి మాట. "మన గడిలనే నాన్నా" అన్నాను.

సీడబ్ల్యూడీ (జింక జాతులకి వచ్చే మెదడు జబ్బు) పరీక్షకి గొంతు దగ్గరి లింఫ్ గ్రంథులు ఇచ్చి వచ్చాను. ఫలితం వచ్చేదాకా ఫ్రిజ్‌లో మాంసం ముట్టుకోలేదు, పాజిటివ్ వస్తే తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. నెగటివ్ వచ్చింది. కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి వేపుడు చేస్తే గట్టిపడుతుంది, మా ఆవిడ కుక్కర్‌లో అల్లం వెల్లుల్లి దట్టించి మెత్తగా ఉడికించి పులుసు పెడుతోంది, మెడ మాంసమంతా కీమా కొట్టించాం.

చల్లటి బారెల్ కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది, దాని మీద అన్నీ రెండు అంగుళాల లోపే. నెయిల్ పాలిష్ గీతలు ఒక్కటీ విరగలేదు. మిగిలిన తూటాల లాట్ నంబరు రాసుకున్నాను, శనివారం షాపుకి వెళ్ళి అదే లాట్ ఉందేమో అడగాలి. లేకపోతే మే నెల పని మళ్ళీ మొదటి నుంచి.